తిరుపతి, చిత్తూరు వాసులకు రెండు సీట్ల విమానం: కొనడం, కాపాడుకోవడం

చిన్న విమానం ఎగిరిన గంటల వల్ల అరిగేదాని కంటే, ఎగరకుండా నిలిచిపోయిన నెలల వల్ల పాడయ్యేదే ఎక్కువ. చాలా ఏళ్ళుగా ఒక రెండు సీట్ల విమానంలో సగం వాటా ఉన్న నాకు ఈ సంగతి లెక్కల పుస్తకం తెరిచిన ప్రతిసారీ మరింత స్పష్టమవుతూ వచ్చింది. అందుచేత తిరుపతిలోనో చిత్తూరులోనో ఉంటూ సొంత విమానం కొనాలని ఆలోచిస్తున్నవారు, ధర కనుక్కోవడానికి ముందే తమ సంవత్సరాన్ని ఒక కాగితం మీద రాసుకోవాలని కోరుతున్నాను. కత్తెర ఎండల్లో మధ్యాహ్నాలు పనికిరావు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వర్షాలుంటాయి. ఇంట్లో శుభకార్యాలు, వ్యాపారంలో ఊపిరాడని వారాలు ఉండనే ఉంటాయి. ఇవన్నీ తీసివేయగా మిగిలిన ఉదయాలెన్నో లెక్కపెట్టి, వారానికో పది రోజులకో ఒకసారి గంటసేపైనా నడపగలమన్న నమ్మకం కుదిరితేనే ముందుకు వెళ్ళాలి. ఏడాదికి ముప్ఫై నలభై గంటలు కూడా కష్టమనిపిస్తే, శిక్షణ సంస్థ విమానాన్ని అద్దెకు తీసుకోవడమో, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొనడమో మేలు. భాగస్వామ్యంలో ఖర్చు తగ్గడం ఒక లాభం. ఒకరికి వీలుకాని వారం మరొకరు నడపడం వల్ల ఇంజిన్ నిలిచిపోకుండా ఉండడం అంతకన్నా పెద్ద లాభం. ఎంత దగ్గరి స్నేహితులైనా సరే, హ్యాంగర్ (విమానం నిలిపే షెడ్డు) అద్దె ఎవరు ఎంత కట్టాలి, ఇంజిన్ ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) నిధికి గంటకు ఎంత జమ చేయాలి, ఒకరు వాటా వదులుకుంటే విలువ ఎలా కట్టాలి అనే మూడు విషయాలను మొదటి రోజే కాగితం మీద పెట్టుకోవాలి.

నడపడానికి కావలసిన అర్హతల సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు కనీసం 17 ఏళ్ళ వయసు, 40 గంటల ఎగిరిన అనుభవం, రెండో తరగతి వైద్య ధ్రువపత్రం కావాలి. రేడియోలో మాట్లాడడానికి వేరే లైసెన్సు ఉంటుంది. ఇవి చేతికి వచ్చిన తరువాతే విమానం కొనడం మంచిది. నేర్చుకునే దశలో ఏ విమానం తనకు నప్పుతుందో తెలియదు.

మన దేశంలో ఈ తరగతిలో కనిపించేవాటిలో సెస్నా 152 బాగా తెలిసినది. 1977 నుంచి 1985 వరకు మాత్రమే తయారైంది కాబట్టి అన్నిటికన్నా కొత్తదానికి కూడా ఇప్పుడు నలభై ఏళ్ళు నిండి ఉంటాయి. దానిలో ఉండే 110 అశ్వశక్తి లైకమింగ్ ఓ-235 ఇంజిన్ గాలితో చల్లబడుతుంది. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రూపొందించిన హంస ఈ తరగతిలో రెండోది. 1993లో మొదటిసారి ఎగిరిన ఆ విమానానికి కొత్త రూపమైన హంస-ఎన్‌జీ 2021లో ఎగిరింది. దాని శరీరం లోహంతో కాక, నారను జిగురుతో కలిపి గట్టిపరిచే కాంపోజిట్‌తో చేసినది, ఇంజిన్ రోటాక్స్ 912 కుటుంబానికి చెందినది. ఇవి కాక అదే రోటాక్స్‌తో నడిచే తేలికపాటి మైక్రోలైట్లు ఉన్నాయి. నా మాట అడిగితే, మొదటిసారి కొనేవారు దేశంలో ఇప్పటికే నమోదై ఉన్నదాన్నీ, తమకు దగ్గరలో ఉన్న ఇంజనీరుకు బాగా తెలిసినదాన్నీ ఎంచుకోవాలి. విడిభాగాల విషయంలో "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అన్న సామెత అక్షరాలా నిజం. చేతికి అందే ఇంజనీరు ఎరగని విమానం ఎంత అందంగా ఉన్నా, ఒక చిన్న రబ్బరు సీలు కోసం నెలల తరబడి హ్యాంగర్‌లోనే ఉండిపోతుంది.

బరువు లెక్క కొనకముందే వేసుకోవాలి. సెస్నా 152 గరిష్ఠ బరువు 757 కిలోలు. ఖాళీ విమానం, దానిలోని పరికరాలను బట్టి, సుమారు 520 కిలోలు ఉంటుందనుకుంటే 237 కిలోలు మిగులుతాయి. వాడుకోదగిన ఇంధనం దాదాపు 93 లీటర్లు, అంటే 67 కిలోలు. ట్యాంకులు నింపిన తరువాత ఇద్దరు మనుషులకూ వారి సంచులకూ కలిపి మిగిలేది 170 కిలోలు. ఎనభై ఐదు కిలోల మనుషులిద్దరు కూర్చుంటే ఒక నీళ్ళ సీసాకు కూడా చోటు ఉండదు. కాబట్టి నిండుగా నింపుకొని ఇద్దరమూ వెళ్దామన్న ఆలోచన చాలామంది విషయంలో కుదరదు. ఖాళీ బరువును పాత పత్రంలో చూసి నమ్మకుండా, కొనే సమయంలో మళ్ళీ తూకం వేయించాలి. నలభై ఏళ్ళలో వేసిన రంగుల పొరలూ మార్చిన రేడియోలూ ఆ అంకెను ఎప్పుడో మార్చి ఉంటాయి.

కొనుగోలుకు ముందు జరిపే తనిఖీని, అమ్మేవారితో ఏ సంబంధమూ లేని లైసెన్సు ఉన్న ఇంజనీరు చేత చేయించాలి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్లు ఈ తనిఖీ రుసుము దగ్గర వెనకాడేవారిని చూశాను. వారిలో ఒకరు కొన్న విమానానికి కొద్ది నెలల్లోనే ఇంజిన్ విప్పవలసి వచ్చింది. విమానం కన్నా ముందు లాగ్‌బుక్కులు చదవాలి. విమాన శరీరానికి, ఇంజిన్‌కు, ప్రొపెల్లర్‌కు వేర్వేరు పుస్తకాలుంటాయి. గంటల మొత్తం కన్నా తేదీల మధ్య ఉన్న ఖాళీలను గమనించాలి. ఓవర్‌హాల్ తరువాత 900 గంటలు మాత్రమే తిరిగిన ఇంజిన్ అని చెబితే వినడానికి బాగుంటుంది. కానీ ఆ 900 గంటలూ పదిహేనేళ్ళలో తిరిగి, మధ్యలో ఏడాదిన్నర పాటు ఒక్క నమోదు కూడా లేకపోతే, నాకైతే ఏటా 150 గంటలు క్రమం తప్పకుండా తిరిగి 1,800 గంటల వద్ద ఉన్న ఇంజిన్ మీదే ఎక్కువ గురి. ఈ సెస్నా ఇంజిన్‌కు ఓవర్‌హాల్ వ్యవధి 2,400 గంటలు లేదా 12 ఏళ్ళు అని తయారీదారు చెబుతాడు. అందులో ఆ 12 ఏళ్ళ సంగతి అమ్మేవారి నోట సాధారణంగా రాదు.

లాగ్‌బుక్కుల్లో ఎయిర్‌వర్తినెస్ ఆదేశాలన్నీ (విమానం ఎగరడానికి యోగ్యంగా ఉండేందుకు తప్పనిసరిగా చేయవలసిన పనుల ఆదేశాలు) పాటించినట్లు ఒక్కొక్కటిగా సంతకాలు ఉన్నాయా అన్నది తరువాత చూడాలి. ఉదాహరణకు సెస్నాల సీటు పట్టాల గురించి ఒక ఆదేశం ఉంది. సీటు ముందుకు వెనక్కు జరిగే పట్టాలో రంధ్రాలుంటాయి, సీటు కింద ఉండే పిన్ను వాటిలో దిగి సీటును పట్టి ఉంచుతుంది. ఏళ్ళ తరబడి వాడకంలో ఆ రంధ్రాలు కోలగా అరిగిపోతాయి. ముక్కు పైకెత్తి లేస్తున్న క్షణంలో పిన్ను జారితే సీటు వెనక్కు పోతుంది, పైలట్ చేతిలోని యోక్ (ముక్కును పైకీ కిందికీ నడిపే చక్రం) కూడా దానితోపాటే వెనక్కు వస్తుంది, ముక్కు ఇంకా పైకి లేస్తుంది. ఇలాంటి ప్రమాదాల వల్లనే ఆ ఆదేశం పుట్టింది. రంధ్రంలో వేలిగోరు తిప్పి చూస్తే అంచు గుండ్రంగా ఉందో లేదో చర్మానికే తెలుస్తుంది. తరువాత సీటులో కూర్చొని, కాళ్ళు తన్నిపెట్టి, బలంగా వెనక్కు నెట్టి చూడాలి. ప్రతి ప్రయాణానికి ముందు కూడా నేను ఈ పని చేస్తాను.

కాగితాల విషయానికి వస్తే, మన దేశంలో నమోదైన విమానానికి వీటీ అక్షరాలతో మొదలయ్యే గుర్తు ఉంటుంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఎయిర్‌వర్తినెస్ సర్టిఫికెట్, ఏటా పొందవలసిన ఎయిర్‌వర్తినెస్ రివ్యూ సర్టిఫికెట్, రేడియో లైసెన్సు, బీమా పత్రం ఉండాలి. యాజమాన్యం మారినప్పుడు పౌర విమానయాన నియంత్రణ సంస్థ అయిన డీజీసీఏ వద్ద పేరు మార్పించుకోవాలి. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 వచ్చి 2025 జనవరి 1 నుంచి అమలులో ఉంది కాబట్టి, పాత పుస్తకాల్లోని చట్టం పేర్లను చూసి దరఖాస్తులు రాయకూడదు. ప్రమాదం జరిగినప్పుడు సంకేతం పంపే ఈఎల్‌టీ పరికరాన్ని కొత్త యజమాని పేరుతో బెంగళూరులోని మిషన్ కంట్రోల్ సెంటర్‌లో నమోదు చేయించడం చాలామంది మరచిపోతారు. 406 మెగాహెర్ట్జ్ సంకేతం ఉపగ్రహానికి చేరినప్పుడు, వెతికేవారు మొదట ఫోను చేసేది ఆ నమోదులో ఉన్న నంబరుకే.

మన ప్రాంతపు ఆకాశం గురించి విడిగా చెప్పుకోవాలి. రేణిగుంట విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 350 అడుగుల ఎత్తులో ఉంది. పెద్ద జెట్ విమానాలు దిగే రన్‌వే కాబట్టి పొడవుకు లోటు లేదు, కానీ వాటి వెనుక రేగే సుడిగాలి తేలిక విమానాన్ని తలకిందులు చేయగలదు. కంట్రోలర్ త్వరపెట్టినట్లు అనిపించినా, ఇంకొంతసేపు ఆగుతానని చెప్పడానికి మొహమాటపడకూడదు. ప్రయాణానికి ఫ్లైట్ ప్లాన్ ఇచ్చి, విమాన సమాచార కేంద్రం ఇచ్చే ఎఫ్‌ఐసీ నంబరు, వైమానిక రక్షణ అనుమతి అయిన ఏడీసీ నంబరు తీసుకోవాలి. చూపు మీద ఆధారపడి నడిపే విమానాలు సూర్యాస్తమయం తరువాత 20 నిమిషాలకల్లా కింద ఉండాలి. తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగించే రోజుల్లో తూర్పు వైపు ఆకాశాన్ని మూసివేస్తూ నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే అధికారిక హెచ్చరికలు) వస్తాయి; బయలుదేరే ఉదయం వాటిని చదవకుండా సూళ్ళూరుపేట వైపు తిరగకూడదు. ఇక తిరుమల కొండ మీదుగా ఎగరడం ఆగమ సంప్రదాయానికి విరుద్ధమని తిరుమల తిరుపతి దేవస్థానం పలుమార్లు చెబుతూ వచ్చింది. మనం ఈ ఊరి వాళ్ళం, ఇది మనకు వేరే ఎవరూ చెప్పవలసిన మాట కాదు. పైగా శేషాచలం అడవి మీద ఇంజిన్ ఆగితే దింపడానికి చదునైన నేల దొరకదు. నేను కొండలను ఎప్పుడూ దూరంగా, పక్కనే ఉంచుకొని వెళ్తాను.

ఇంధనం విషయంలో కొంత నిదానంగా చదవాలని మనవి, ఎందుకంటే ఈమధ్య కాలంలో పరిస్థితి మారింది. విమానాశ్రయంలో ట్యాంకర్లు కనిపిస్తాయి కాబట్టి మనకూ ఇంధనం దొరుకుతుందని కొత్తవారు అనుకుంటారు. ఆ ట్యాంకర్లలో ఉండేది జెట్ ఇంధనం. అది పిస్టన్ ఇంజిన్‌లో పోస్తే లేచిన కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ ఆగిపోతుంది. మనకు కావలసింది నీలి రంగులో ఉండే ఏవీగ్యాస్ 100 ఎల్‌ఎల్. ఇండియన్ ఆయిల్ 2022లో వడోదరలో దీని తయారీ మొదలుపెట్టేదాకా దేశం దిగుమతి మీదే ఆధారపడింది. సీలు వేసిన పీపాల్లో తెప్పించుకునేటట్లయితే ముందే సరఫరాదారుతో మాట్లాడుకోవాలి. పెట్రోలియం నిల్వకు అనుమతులు ఉంటాయి, ఇంటి షెడ్డులో దాచిపెట్టే వస్తువు కాదది.

రోటాక్స్ ఇంజిన్ ఉన్నవారు బంకులో దొరికే పెట్రోలు వాడుకోవచ్చని వినే ఉంటారు. ఆ మాట ఒకప్పుడు మన దేశంలో కూడా చెల్లింది. ఇప్పుడు బంకుల్లో అమ్మే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. రోటాక్స్ 912కు అనుమతి ఉన్నది 10 శాతం వరకే. లైకమింగ్‌కైతే ఇథనాల్ అసలే పనికిరాదు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, సీళ్ళను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వేడికి త్వరగా ఆవిరై ఇంధన గొట్టంలో బుడగలు కట్టిస్తుంది. ఏ పీపా మీద అనుమానం వచ్చినా ఇంట్లోనే పరీక్షించవచ్చు. గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు, వాటి మీద 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూత బిగించి, బాగా కుదిపి, నిలకడగా ఉంచాలి. నీళ్ళు అడుగుకు చేరిన తరువాత వాటి మట్టం 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేనట్లు. ఆ మట్టం పెరిగిందంటే ఇథనాల్ నీటిలోకి దిగినట్లు. ఇప్పటి బంకు పెట్రోలుతో చేసి చూడండి, అడుగు పొర రెండింతలకు మించి పెరగడం కళ్ళారా కనిపిస్తుంది.

ప్రతి ఉదయం మొదటి ప్రయాణానికి ముందు ట్యాంకుల అడుగున ఉన్న డ్రెయిన్ల నుంచి చిన్న గాజు పాత్రలోకి ఇంధనం పట్టి చూడాలన్నది అందరికీ నేర్పుతారు. అందులో ఒక మెలకువ ఉంది. కొద్దిపాటి నీరుంటే అడుగున బుడగలా కనిపిస్తుంది. పాత్ర నిండా నీరే వస్తే మాత్రం గీత ఎక్కడా కనిపించదు, అంతా శుభ్రంగా ఉన్నట్లే ఉంటుంది. అందుకే పాత్రను ఒక తెల్ల కాగితానికి ఆనించి, నీలి రంగు ఉందా అని చూసి, వాసన కూడా చూడాలి.

ఇక ఇంజిన్. లైకమింగ్‌లో వాల్వులను తెరిపించే క్యామ్‌షాఫ్ట్ ఇంజిన్ పై భాగంలో ఉంటుంది. విమానం నిలబడి ఉన్నప్పుడు దాని మీది ఆయిల్ పొర కొద్దికొద్దిగా కిందికి జారిపోతుంది, ఇంజిన్ లోపల మిగిలిన తేమ ఆ నున్నని ఉక్కు మీద తుప్పు మచ్చలు పెడుతుంది, తరువాత ఇంజిన్ తిరిగినప్పుడు ఆ మచ్చలే ఆకురాయిలా పనిచేసి క్యామ్‌ను, దానికి ఆనుకొని కదిలే ట్యాపెట్లను కొరికేస్తాయి. సిలిండర్ విప్పితే తప్ప ఈ నష్టం కంటికి కనిపించదు. తయారీదారు చెప్పే మందు ఒక్కటే: ముప్ఫై రోజులకు మించకుండా కనీసం ఒక గంట ఎగరాలి, ఆ గంటలో ఆయిల్ వేడి 74 నుంచి 93 డిగ్రీల మధ్య ఉండాలి. హ్యాంగర్ ముందు పది నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపితే చాలుననుకోవడం చాలా నష్టం చేస్తుంది. అంతటి కొద్దిపాటి వేడికి తేమ ఆవిరి కాదు సరికదా, మండిన ఇంధనం నుంచి కొత్త తేమ చేరుతుంది. ఎగరడం కుదరకపోతే ఇంజిన్‌ను కదపకుండా వదిలేయడమే నయం. నెలల పాటు కుదరదని తెలిస్తే ఇంజనీరుతో మాట్లాడి, నిల్వ ఆయిల్ పోయించి, ప్లగ్గుల స్థానంలో తేమ పీల్చే డెసికెంట్ ప్లగ్గులు బిగించాలి.

ఆయిల్‌ను ఫిల్టరు ఉన్న ఇంజిన్‌లో 50 గంటలకు, జల్లెడ మాత్రమే ఉన్నదానిలో 25 గంటలకు, గంటలు నిండకపోయినా నాలుగు నెలలకు మార్చాలి. మన వేడికి ఎస్ఏఈ 50 చిక్కదనం ఉన్నదే సరిపోతుంది. సెస్నా 152లో ఆయిల్ గరిష్ఠంగా 6 క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే లీటరుకు కొంచెం తక్కువ), 4 కంటే తగ్గితే ఎగరకూడదు. నిండా పోస్తే పై క్వార్ట్ శ్వాస గొట్టం గుండా బయటికి పోయి విమానం పొట్టంతా జిడ్డు చేస్తుంది కాబట్టి నేను 5 దగ్గర ఉంచుతాను. రోటాక్స్‌లో డిప్‌స్టిక్ చూసేముందు ఇగ్నిషన్ ఆపి ఉందని నిర్ధారించుకొని, ప్రొపెల్లర్‌ను చేత్తో అది తిరిగే దిశలోనే నిదానంగా తిప్పాలి. ఆయిల్ ట్యాంకు నుంచి గుటకవేసినట్లు గుడగుడమని చప్పుడు వచ్చిన తరువాత కొలిచిందే సరైన కొలత. వెనక్కు తిప్పకూడదు.

ఫిల్టరు మార్చిన ప్రతిసారీ దాన్ని కోసి చూడాలి. ఇందుకు డబ్బా మూత తెరిచే పనిముట్టు వంటి ప్రత్యేకమైన కోత పరికరం ఉంటుంది. రంపంతో కోస్తే రంపపు పొట్టే లోపల పడి మోసం చేస్తుంది. లోపలి మడతల కాగితాన్ని బ్లేడుతో విడదీసి, ఆయిల్ పిండి, తెల్ల బల్ల మీద అకార్డియన్‌లా పరిచి, ఎండలో అటూ ఇటూ వంచి చూస్తాను. నల్లగా ఉండి వేళ్ళ మధ్య నలిపితే పొడి అయ్యేది మసి, దానితో భయం లేదు. మెరిసేవాటి మీద ఒక అయస్కాంతాన్ని ఆడించాలి. అంటుకుంటే ఉక్కు, అంటే క్యామో ట్యాపెట్లో కావచ్చు. బంగారు రంగులో ఉండి అంటుకోనివి కంచు బుష్‌ల నుంచి వచ్చి ఉంటాయి. ఒకటి రెండు రేణువులకే కంగారు పడనవసరం లేదు, కానీ కిందటిసారి రెండు, ఈసారి పది అయితే ఇంజనీరు చూడకుండా మళ్ళీ ఎగరకూడదు. పోల్చుకోవడానికి వీలుగా ప్రతి ఫిల్టరు కాగితాన్ని తేదీ రాసి ప్లాస్టిక్ సంచిలో దాచిపెడతాము. ఇంట్లో అల్మారా నిండింది, ఆ సంచులను నేను పారవేయను.

ఏడాదికోసారి, లేదా 100 గంటలకు జరిపే పెద్ద తనిఖీలో యజమాని దగ్గర ఉండి చూడవలసిన ఘట్టం కంప్రెషన్ పరీక్ష. వెచ్చగా ఉన్న సిలిండర్‌లోకి 80 పీఎస్ఐ గాలి పంపి ఎంత నిలుస్తుందో చూస్తారు. అంకె కన్నా చప్పుడు ఎక్కువ చెబుతుంది: పొగగొట్టం దగ్గర బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, కార్బురేటర్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు కారుతున్నట్లు. ఈ పరీక్షలో ప్రొపెల్లర్ ఒక్కసారిగా తిరిగే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని పట్టుకునే పని అనుభవం లేనివారికి అప్పగించకూడదు. స్పార్క్ ప్లగ్గులను శుభ్రం చేసి పై వాటిని కిందికి, కింది వాటిని పైకి మార్చి బిగిస్తే సీసపు గుళికలు ఒకేచోట పేరుకోవు. ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలను 500 గంటలకు విప్పి చూడాలి. రోటాక్స్ వారు రబ్బరు గొట్టాలన్నిటినీ ఐదేళ్ళకు మార్చాలన్న నియమాన్ని వాయిదా వేయకూడదు. ఏ పని యజమాని చేయవచ్చు, ఏ పనికి ఇంజనీరు సంతకం కావాలి అన్నది ఆయనతో ముందే మాట్లాడి రాసిపెట్టుకోవాలి. సంతకం లేని బోల్టు బీమా దగ్గర చాలా ఖరీదవుతుంది.

ఎగిరేముందు నేల మీద చేసే ఇంజిన్ పరీక్ష అయిన రన్-అప్‌లో 1,700 ఆర్‌పీఎం వద్ద ఒక్కో మాగ్నెటోను విడిగా చూసినప్పుడు వేగం 125 కంటే ఎక్కువ పడిపోకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. అసలు పడిపోకపోతే సంతోషించకూడదు. మాగ్నెటోను ఆపే తీగ తెగిపోయి ఉండవచ్చు, అప్పుడు తాళం తీసేసినా ప్రొపెల్లర్ ప్రాణంతోనే ఉంటుంది, చెయ్యి తగిలితే ఇంజిన్ అంటుకుంటుంది. అందుకే తాళం జేబులో ఉన్నా ప్రొపెల్లర్ ముందు నిలబడి ఫోటోలు దిగనివ్వను, పిల్లలను దాని దగ్గరికి రానివ్వను.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. విమానానికి ఆ ఎండ రెండు విధాల కీడు చేస్తుంది. మొదటిది గాలి పలచబడడం. 350 అడుగుల ఎత్తులో ఉండవలసిన ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 14 డిగ్రీలు. 40 డిగ్రీల మధ్యాహ్నం ఆ తేడా 26 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే, రేణిగుంటలో నిలబడిన విమానం సుమారు 3,400 అడుగుల ఎత్తున ఉన్నట్లు ప్రవర్తిస్తుంది. చల్లని రోజున సముద్ర మట్టంలో నిమిషానికి 715 అడుగులు ఎక్కగల సెస్నా 152 ఆ మధ్యాహ్నం గమనించదగినంత తక్కువ ఎక్కుతుంది, అదీ ఇంజిన్ కొత్తగా, రెక్కలు శుభ్రంగా ఉంటే. తిరుమల ఎత్తు సుమారు 2,800 అడుగులు అని గుర్తుపెట్టుకుంటే, పడమటి దిక్కున కొండ ఎంత త్వరగా ఎదురవుతుందో అర్థమవుతుంది. వేడెక్కిన కొండల మీది గాలి ఎగుడుదిగుడు కూడా తోడవుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తెల్లవారగానే ఎగిరి తొమ్మిదింటికల్లా దిగిపోవడం మా నియమం.

రెండోది, నిలబడి ఉన్నప్పుడు జరిగే నష్టం. అద్దాలు నిజానికి ప్లాస్టిక్, వాటికి తెల్లని గుడ్డ కవరు వేయాలి. పొడి గుడ్డతో తుడిస్తే మన ఎర్రమట్టి ధూళి గీతలు పెడుతుంది, ముందు నీళ్ళు పోసి అరచేత్తో కడగాలి. టైర్లలో గాలి 152కు వెనుక 21, ముందు 30 పీఎస్ఐ. చల్లని ఉదయమే కొలవాలి. బ్రేకుల్లో పోసేది ఎర్రని ఖనిజ నూనె. కారు బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. ఇది కారు మెకానిక్‌ను సాయానికి పిలిచినప్పుడు జరిగే పొరపాటు.

వర్షాకాలానికి సెప్టెంబరులోనే సిద్ధం కావాలి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూసినవారికి హ్యాంగర్ నేల ఎంత ఎత్తున ఉందన్న ప్రశ్న విలువ తెలుసు. బయట నిలిపేవారు నార తాళ్ళు వాడకూడదు. తడిస్తే కుంచించుకుపోయి రెక్కలను మోసే స్ట్రట్ కడ్డీలను లాగేస్తాయి. నైలాను తాడును కొద్దిపాటి వదులుతో, నేలలో దిగ్గొట్టిన ఇనుప కొక్కేలకు కట్టాలి. ట్యాంకు మూతల కింది రబ్బరు రింగులను మార్చాలి, ట్యాంకులను నిండుగా ఉంచాలి. తలుపుల కింద, తోక గొట్టం అడుగున నీరు పోయే చిన్న రంధ్రాల్లో మట్టి చేరితే లోపల నీరు నిలిచి అల్యూమినియం తెల్లని పొడిలా పొంగుతుంది. ఒక అగ్గిపుల్లతో వాటిని తెరిచి ఉంచాలి. గాలిలో తేమ ఉన్నప్పుడు 25 డిగ్రీల వెచ్చదనంలో కూడా కార్బురేటర్ గొంతులో మంచు కడుతుంది. మన ఊళ్ళో మంచేమిటి అనుకుని, కార్బురేటర్‌కు వేడిగాలి పంపే కార్బ్ హీట్ మీటను మరచిపోవడం చిత్తూరు నవంబరు ఉదయాల్లో నిజమైన ప్రమాదం. పవర్ తగ్గించేముందు తప్పక లాగాలి.

ఒక ఏడాది బ్రహ్మోత్సవాల వారం ఇంటి నిండా చుట్టాలు. విమానం దగ్గరికి ఎనిమిది రోజులు వెళ్ళలేదు, అంతకుముందు దిగిన రోజు వేగాన్ని కొలిచే పిటో గొట్టానికి తొడుగు వేయలేదు. తొడుగు నా సంచిలోనే ఉంది. తొమ్మిదో రోజు చుట్టూ తిరిగి అన్నీ చూశాను, పిటో గొట్టాన్ని కూడా చూశాను, కానీ నిలబడిన ఎత్తు నుంచి చూశాను. రన్‌వే మీద పరుగందుకున్న తరువాత వేగం ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. పరుగు మొదట్లోనే "వేగం వస్తోంది" అని బయటికి చెప్పే అలవాటు నాకు శిక్షణలోనే పడింది. ఆ మాట అనడానికి ముల్లు కదలలేదు కాబట్టి థ్రాటిల్ లాగేశాను, రన్‌వే చాలా మిగిలి ఉండగానే విమానం ఆగింది. హ్యాంగర్‌కు వచ్చి వంగి చూస్తే గొట్టం మూతి లోపల వేలిగోరంత లోతులో నున్నగా అలికిన ఎర్రమట్టి. కుమ్మరి పురుగు గూడు. మట్టి ఇంకా తేమగానే ఉంది, అంటే ఆ పురుగుకు ఎనిమిది రోజులు కూడా అక్కరలేదు. ఇంజనీరు గొట్టాన్ని విప్పి శుభ్రం చేసి, లీకు పరీక్ష చేసి సంతకం పెట్టేదాకా మేము ఎగరలేదు. నోటితో ఊది చూడాలనిపించింది కానీ, అలా ఊదితే లోపలి పరికరం పాడవుతుంది, మట్టి ఇంకా లోపలికి పోతుంది.

ఆనాటి నుంచి దిగిన తరువాతి పనికి మాకు ఒక క్రమం ఏర్పడింది. ఇంజిన్ ఆపేముందు ఐడిల్‌లో తాళాన్ని క్షణకాలం ఆఫ్ వైపు తిప్పి, ఇంజిన్ చావబోతున్నట్లు వినిపించగానే తిరిగి ఆన్ చేస్తాము. మాగ్నెటోలు నిజంగా ఆగుతున్నాయని దానితో తెలుస్తుంది. ఇంధనాన్ని ఆపే మిక్స్‌చర్ మీట లాగి ఇంజిన్ ఆపిన తరువాత, ఇంజిన్ కప్పు అయిన కౌలింగ్ మీది ఆయిల్ తలుపు తెరిచి వేడిని బయటికి పోనిస్తాము. కంట్రోల్ లాక్ పెట్టి, చక్రాలకు అడ్డుకట్టలు వేసి, తాళ్ళు కడతాము. ఇంజిన్ చల్లారాక ఉడతలూ పిచ్చుకలూ గూడు కట్టకుండా ముందు రంధ్రాలకు నురుగు దిమ్మెలు పెట్టి, ఆయిల్ తలుపు మూస్తాము. పిటో తొడుగుకు మూరెడు ఎర్రగుడ్డ కుట్టించాము, అది వేసినవారే లాగ్‌బుక్కులో సంతకం చేయాలి. ఆఖరున ఇంజిన్ తిరిగిన గంటలు చూపే టాక్ మీటరు అంకె, పోసిన ఇంధనం, ఆయిల్ మట్టం రాసి, భాగస్వామికి ఆ పేజీ ఫోటో పంపి, హ్యాంగర్ తాళం వేస్తాము.